బార్కస్ చాచా, బాగ్దాదు చదరంగం, పదిహేను నిమిషాల గడియారం

చాంద్రాయణగుట్ట కూడలి దాటి విమానాశ్రయం వైపు సాగే దారిలో బార్కస్ అనే పేట ఉన్నది. ఉద్యోగ విరమణ చేసిన తర్వాత వారానికి రెండు సాయంత్రాలు నేను అక్కడ ఒక చిన్న వైద్యశాలలో కూర్చుంటున్నాను. బార్కస్ అనగానే మీలో చాలామందికి జామపళ్ళు, లుంగీలు, తెల్లవారుజామున వడ్డించే హరీస్, పెద్ద పళ్ళెంలో నలుగురు కలిసి తినే మందీ గుర్తుకు వస్తాయి. నాకు మాత్రం ఈ మధ్య చదరంగం గుర్తుకు వస్తున్నది. దానికి కారణం డెబ్బది నాలుగేళ్ళ ఒక పెద్దమనిషి. నేను ఆయనను చాచా అంటాను, ఆయన నన్ను డాక్టర్ సాబ్ అంటారు. ఆయన పేరుతో మనకు పని లేదు.

చాచా వైద్యశాలకు వచ్చింది జ్వరానికో, మోకాలి నొప్పికో కాదు. చరవాణిలో ఆయన రోజూ పది నిమిషాల చదరంగం ఆడతారు. రెండేళ్ళుగా పదకొండు వందల దగ్గర నిలిచి ఉన్న రేటింగు పది రోజులలో ఎనిమిది వందల యాభైకి జారిపోయింది. ఇంట్లోవారు వయసు మీద పడిందన్నారు. మనవడు నెట్‌వర్క్ బాగాలేదన్నాడు. నేను కూడా ఆ ఆట ఆడతానని ఎవరో చెప్పగా, ఆయన ఫోను పట్టుకుని వచ్చి రెండు ప్రశ్నలు వేశారు. మొదటిది, “ఇన్నేళ్ళు ఆడుతున్నా నా ఆట ఎందుకు పెరగడం లేదు?” రెండవది కొంత గొంతు తగ్గించి అడిగారు. “దిమాగ్ పోతోందా, డాక్టర్ సాబ్? షత్రంజ్ ఆడేవాళ్ళకు మతిమరుపు రాదంటారే?”

ఈ రెండు ప్రశ్నలూ మీలో కొందరివి కూడా కావచ్చును. వాటికి జవాబు చెప్పాలంటే కొంత చరిత్ర లోనికి వెళ్ళక తప్పదు. మొదట ఆ పేట చరిత్రే చూద్దాం.

బార్కస్ అనే మాట సైనికులు నివసించే ‘బ్యారక్స్’ అన్న ఆంగ్లపదానికి స్థానిక రూపం. నిజాము సైన్యంలో అరబ్బు సైనికులు అధిక సంఖ్యలో ఉండేవారు. వారిలో ఎక్కువమంది నేటి యెమెన్ దేశంలోని హద్రమౌత్ ప్రాంతం నుండి వచ్చినవారు. హైదరాబాదులో వారిని చావుష్‌లని పిలుస్తారు. తురుష్క సైన్యంలోని ఒక హోదా పేరు అది. ఇక్కడ జమాదారులుగా పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో అల్ ఖుఅయితీ వంశంవారు హద్రమౌత్‌లో ఒక రాజ్యమే స్థాపించారు. అది 1967 వరకు నిలిచింది. మన పాతబస్తీ జీతాలతో అరేబియా తీరాన ఒక సుల్తానేటు నడిచిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాలలో ఎందుకు లేదో నాకు తెలియదు. 1948 సెప్టెంబరులో సైనిక చర్య ముగిశాక అరబ్బు దళాలు రద్దయ్యాయి. కొందరు తిరిగి వెళ్ళిపోయారు. ఇక్కడే పుట్టి పెరిగిన అనేకులు బార్కస్‌లో ఉండిపోయారు. చాచా తాతగారు అలాంటి సైనికుడే.

చదరంగం కూడా అదే సముద్రం మీద, అదే ఎడారుల మీదుగా తిరిగిన ఆట, కాకపోతే ఎదురు దిశలో. సుమారు ఆరవ శతాబ్దంలో ఉత్తర భారతంలో చతురంగంగా పుట్టి, పారశీకంలో చత్రంగ్ అయి, అరబ్బుల చేతికి చేరి షత్రంజ్ అయింది. ఈ ఆటను శాస్త్రంగా మలచినవారు బాగ్దాదులోని అబ్బాసీ ఖలీఫాల ఆస్థాన క్రీడాకారులు. తొమ్మిదవ శతాబ్దపు అల్ అద్లీ, ఆ తర్వాతి తరపు అస్ సూలీ చదరంగంపై గ్రంథాలు వ్రాశారు. ఆడేవారిని ఐదు తరగతులుగా విభజించారు. పై తరగతివాడు కింది తరగతివాడితో ఆడేటప్పుడు ఎంత బలాన్ని ముందే వదులుకోవాలో దానిని బట్టి తరగతి నిర్ణయమయ్యేది. నేటి రేటింగుకు ఇది తాతవంటిది. మన కాలపు రేటింగు లెక్క ఆర్పాడ్ ఎలో అనే భౌతికశాస్త్ర ఆచార్యునిది. దానిని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించింది.

అస్ సూలీ గురించి ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. అల్ మావర్దీ అనే ఆటగాడంటే ఖలీఫా అల్ ముక్తఫీకి అమిత ప్రీతి. అస్ సూలీ కొత్తగా వచ్చినప్పుడు ఖలీఫా అందరి ముందు మావర్దీనే ప్రోత్సహించాడు. అస్ సూలీ అతణ్ణి చిత్తుగా ఓడించాడు. మావర్ద్ అంటే పన్నీరు. నీ పన్నీరు కాస్తా మూత్రమైపోయిందని ఖలీఫా తన పాత అభిమాన ఆటగాణ్ణి ఎద్దేవా చేశాడట. నలభై ఏళ్ళు మూత్రపరీక్షలు చూసిన నాకు ఈ కథ మీద ప్రత్యేకమైన మమకారం.

ఆ కాలపు ఆటలో రెండు సాధనాలు ఉండేవి. ఒకటి తఅబియా, అంటే ఆరంభ వ్యూహం. అప్పటి బలగాలు నెమ్మదిగా నడిచేవి. అందువలన మొదటి పది పన్నెండు ఎత్తులలో ఎవరి మోహరింపు వారు చేసుకునేవారు. ముజన్నహ్, సయ్యాల్ వంటి పేర్లతో పది పదిహేను వ్యూహాలు చాలామందికి తెలిసి ఉండేవి. రెండవది మన్సూబా, అంటే పూరణకు ఇచ్చే సమస్య. “ఈ స్థితిలో గెలుపు దారి వెతుకు” అన్నమాట. అస్ సూలీ కూర్చిన ఒక సమస్య వెయ్యేళ్ళు ఎవరికీ లొంగలేదు. రష్యా గ్రాండ్‌మాస్టరు యూరీ అవెర్బాఖ్ 1980లలో దానిని విప్పాడు. ఇప్పుడు మీ ఫోనులో “ఈనాటి పజిల్” అని వచ్చేది మన్సూబాయే. నేర్చుకునే పద్ధతి వెయ్యేళ్ళలో పెద్దగా మారలేదు.

ఆట మాత్రం మారింది. షత్రంజ్‌లో మంత్రి ఒక్క గడి ఐమూలగా కదిలే బలహీనుడు. ఐరోపాలో రాణిగా మారిన అతడికి పదిహేనవ శతాబ్దం చివర ఎటైనా ఎంతదూరమైనా పోగల శక్తినిచ్చారు. అంతకుముందు నెమ్మదిగా సాగే ఆట త్వరగా తేలిపోసాగింది. చదరంగానికి మొదటి వేగం గడియారం తేలేదు, ఈ మంత్రి తెచ్చాడు. తెలుగు ఇళ్ళలో మనం ఇప్పటికీ రాణి అనక మంత్రి అనే అంటాం. ఆ పాత పేరును మనం వదలనందుకు నాకు సంతోషమే. తెలుగుదేశంలో ఆటకు గౌరవం కొత్తది కాదు. కృష్ణరాయల ఆస్థానంలో బొడ్డుచర్ల తిమ్మన చదరంగంలో రాయలనే గెలిచి కొప్పోలు గ్రామాన్ని బహుమతిగా పొందాడని చాటుకథ ఒకటి ప్రచారంలో ఉన్నది.

ఇక గడియారం. 1851లో లండనులో తొలి అంతర్జాతీయ పోటీ జరిగినప్పుడు కాలపరిమితి లేదు. కొందరు ఒక్కొక్క ఎత్తుకు ఎంతసేపు ఆలోచించేవారంటే, ప్రత్యర్థి అలసిపోయి ఓడిపోయేవాడు. 1861లో అండర్సన్, కోలిష్‌ల మధ్య ఆటలో ఇసుక గడియారాలు పెట్టారు. 1883 లండను పోటీలో ఒకటి ఆగితే మరొకటి కదిలే జంట గడియారాలు వచ్చాయి. బాబీ ఫిషర్ 1988లో కొత్త గడియారానికి పేటెంటు కోరాడు. ప్రతి ఎత్తుకూ కొన్ని సెకన్లు అదనంగా చేర్చే ఏర్పాటు అది. చేతిలో గెలుపు ఉండి కూడా క్షణాలు చాలక ఓడిపోయే దురవస్థకు ఇది మందు. ఫోనులో ‘15+10’ అని కనిపించే గుర్తులో రెండవ అంకె ఫిషర్ చేర్చినదే.

త్వరిత చదరంగాన్ని పెద్ద ఆటగాళ్ళు మొదట చులకనగా చూశారు. 1987లో లండను హిప్పోడ్రోమ్ వేదికపై కాస్పరోవ్, షార్ట్ ఇరవై ఐదేసి నిమిషాల ఆటలు ఆడినప్పుడు అది వినోద ప్రదర్శనగానే సాగింది. ఇప్పుడు దానికి ప్రపంచ కిరీటం ఉన్నది. సమాఖ్య నిబంధన ప్రకారం ఒక్కొక్కరికి పది నిమిషాలకు మించి, గంటకు లోపు ఉంటేనే ర్యాపిడ్. సరిగ్గా పది నిమిషాలైతే అది బ్లిట్జ్. అంతర్జాల వేదికలు పది నిమిషాల ఆటను కూడా ర్యాపిడ్ ఖాతాలోనే వేస్తాయి. చాచా ర్యాపిడ్ అనుకుంటూ ఆడుతున్నది అసలు లెక్కలో బ్లిట్జ్ అన్నమాట. ఇది చిన్న విషయం కాదు. ఎందుకో ముందు చెబుతాను.

వయసు గురించి దిగులుపడేవారికి రెండు వాస్తవాలు. విశ్వనాథన్ ఆనంద్ 2017 డిసెంబరులో రియాద్‌లో ప్రపంచ ర్యాపిడ్ విజేత అయినప్పుడు ఆయనకు 48 ఏళ్ళు. మన కోనేరు హంపి ప్రసూతి కారణంగా సుమారు రెండేళ్ళు ఆటకు దూరమై తిరిగి వచ్చి 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ కిరీటం గెలిచారు. 2024లో న్యూయార్క్‌లో మళ్ళీ గెలిచారు. ఆ రెండవసారి మొదటి ఆటే ఓడిపోయి, పదకొండు ఆటలలో ఎనిమిదిన్నర పాయింట్లతో ముగించారు. మొదటి ఆట ఓడగానే మనలో చాలామంది ఏం చేస్తామో కాసేపట్లో నా కథలోనే చూస్తారు.

అంతర్జాలంలో చదరంగం 1992లో ఒక చిన్న సర్వరుతో మొదలైంది. 2007లో చెస్.కామ్, 2010లో ఉచిత వేదిక లీచెస్ వచ్చాయి. 2020లో మహమ్మారి వల్ల ఒలింపియాడ్‌ను కూడా అంతర్జాలంలోనే, పదిహేను నిమిషాలకు ఐదు సెకన్లు చేర్చి ఆడించారు. సెమీఫైనల్‌లో పోలండు మీద నిర్ణాయకమైన చివరి ఆట హంపిగారే గెలిచారు. ఫైనల్‌లో సర్వరు సంబంధం తెగి మన పిల్లలిద్దరు ఆట కోల్పోయారు. చివరకు భారత్, రష్యాలను సంయుక్త విజేతలుగా ప్రకటించారు. అందుచేత “నెట్‌వర్క్ బాగాలేదు” అన్న చాచా మనవడి మాటను నేను వెంటనే కొట్టివేయలేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఆట ఎందుకు పెరగదు? చదరంగ మేధావులకు అసాధారణ జ్ఞాపకశక్తి ఉంటుందని లోకం అనుకునేది. 1925 మాస్కో పోటీకి వచ్చిన ఆటగాళ్ళను ముగ్గురు రష్యా మనోవిజ్ఞానులు పరీక్షించారు. చదరంగానికి సంబంధించిన విషయాలలో తప్ప వారి జ్ఞాపకశక్తి సామాన్యులదిగానే ఉన్నదని 1927లో తేల్చారు. డచ్ పండితుడు డి గ్రూట్ స్వయంగా గట్టి ఆటగాడు. ఒక ఆటలోని స్థితిని కొద్ది సెకన్లు చూపి తీసివేస్తే, గొప్ప ఆటగాడు దాదాపు మొత్తం తిరిగి అమర్చగలడని ఆయన చూపాడు. 1973లో చేజ్, సైమన్‌లు ఒక అడుగు ముందుకు వేసి, బలగాలను అర్థం లేకుండా చెల్లాచెదురుగా పేర్చి అదే పరీక్ష పెట్టారు. నిపుణునికీ కొత్తవాడికీ తేడా దాదాపు మాయమైంది. అంటే నిపుణుడు ఇరవై బలగాలను విడివిడిగా చూడడు. మనం అక్షరాలు కూడబలుక్కోకుండా మాటను ఒక్కచూపులో చదివినట్లు, నాలుగైదు గుంపులను చదువుతాడు.

ఈ గుంపులు మెదడులో ఎలా చేరతాయి? ఊరికే ఆడితే చేరవు. తప్పు చేసి, ఆ తప్పు దగ్గర ఆగి చూస్తేనే చేరతాయి. పది నిమిషాల ఆటలో ఆగే తీరిక లేదు. అయిపోగానే “మళ్ళీ ఆడు” అన్న బొత్తం ఎదురుగా మెరుస్తుంది. చాచా రోజుకు ఇరవై ఆటలు ఆడతారు, ఒక్కదాన్నీ తిరిగి చూడరు. రెండేళ్ళు పదకొండు వందల దగ్గరే ఆగిపోవడంలో ఆశ్చర్యం ఏమున్నది? నా సలహా పదిహేను నిమిషాలకు పది సెకన్లు చేర్చిన ఆటలు రోజుకు రెండే. ఆడిన తర్వాత యంత్రం జవాబు చూడకముందే, ఎక్కడ తప్పిందో మీరే వెతకాలి. ఆ తర్వాత పది మన్సూబాలు, గడియారం లేకుండా. ఆరంభాల పుస్తకాలు మీకు అక్కరలేదు. ఒక తఅబియా తెల్లవాటికి, ఒకటి నల్లవాటికి చాలు. రాజు, బంటు మాత్రమే మిగిలిన అంత్యస్థితులు మాత్రం నేర్చుకోండి. పదిహేను వందల లోపు వారిలో గెలిచే ఆటలు ఎక్కువగా అక్కడే జారిపోతున్నట్లు నా అనుభవం.

సలహా చెప్పడం సులభం. గత ఏడాది ఒక రాత్రి పదకొండింటికి నేను ఒక ఆట ఓడాను. ఆ పాయింట్లు తిరిగి తెచ్చుకునే వరకు పడుకోకూడదనుకున్నాను. రెండున్నరకు మా ఆవిడ వచ్చి దీపం వేసేసరికి పందొమ్మిది ఆటలు ఆడి రెండు వందల పాయింట్లు పోగొట్టుకుని ఉన్నాను. మర్నాడు ఉదయం నా రక్తపు పోటు 160 దాటింది. నాకు మధుమేహం కూడా ఉన్నది. ఆ వారమంతా చక్కెర అదుపులోకి రాలేదు. రోగులకు ముప్పై ఏళ్ళు నిద్ర గురించి ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. అప్పటి నుండి రాత్రి తొమ్మిది తర్వాత ఫోను మా ఆవిడ దగ్గర ఉంటుంది. వరుసగా రెండు ఆటలు ఓడితే ఆ రోజుకు ముగింపు.

మరొక అపోహ. పోటీలో చదరంగం ఆడితే రోజుకు ఆరు వేల కెలోరీలు ఖర్చవుతాయని ఒక మాట ప్రచారంలో ఉన్నది. నమ్మకండి. మన బరువులో రెండు శాతమైన మెదడు విశ్రాంతిలోనే సుమారు ఇరవై శాతం శక్తిని వాడుకుంటుంది. గట్టిగా ఆలోచించినంత మాత్రాన అది పెద్దగా పెరగదు. చదరంగం నడకకు బదులు కాదు.

రెండవ ప్రశ్న మతిమరుపు. 2003లో అమెరికాలోని బ్రాంక్స్‌లో 75 ఏళ్ళు దాటిన 469 మందిని ఏళ్ళ తరబడి గమనించి ఒక అధ్యయనం ప్రకటించారు. చదివేవారిలో, గళ్ళ పలకల మీద ఆటలు ఆడేవారిలో, వాద్యం వాయించేవారిలో, నాట్యం చేసేవారిలో మతిభ్రంశం తక్కువగా కనిపించింది. అయితే ఆడడం వల్ల జబ్బు రాలేదా, లేక జబ్బు మొలకెత్తనివారే ఆడగలుగుతున్నారా? ఇటువంటి అధ్యయనం ఆ ముడి విప్పలేదు. 2024లో లాన్సెట్ కమిషన్ మతిభ్రంశానికి మనం మార్చగల కారణాలు పద్నాలుగు చెప్పింది. రక్తపు పోటు, మధుమేహం, పొగ, వినికిడి లోపం, చూపు లోపం, కదలకపోవడం వాటిలో ఉన్నాయి. నేను చాచాతో ఇదే అన్నాను. షత్రంజ్ ఆడండి, కానీ రక్తపు పోటు మాత్ర మానకండి. ఆయన తల దించుకున్నారు. మాత్రలు మానేసి మూడు నెలలైందట.

అప్పుడే ఫోను తీసుకుని ఆయన ఓడిన ఆటలు వరుసగా చూశాను. తెల్లవాటితో ఆడినప్పుడు ఎడమ అంచున ఉన్న బలగాలు ఊరికే పోతున్నాయి. అది మంత్రివైపు దళంలో బలహీనత కాబోలనుకున్నాను. నల్లవాటితో ఆడినప్పుడు పలక తిరగబడుతుంది. అక్కడ పోతున్నవి రాజువైపు బలగాలు. తెలుపైనా నలుపైనా పోయేవి తెర మీద ఎడమ వైపువే. ఇది చదరంగపు తప్పు కాదు.

ఎదురుగా కూర్చుని, నా ముక్కునే చూడమని, నా రెండు చేతుల వేళ్ళు ఇరువైపులా ఆడించాను. కుడివైపు వేళ్ళు చెప్పారు. ఎడమవైపు, ఏ కన్ను మూసినా, ఏమీ కనిపించలేదు. ఆయనకు ఆ సంగతే తెలియదు. సగం చూపు పోయినవారికి చాలామందికి తెలియదు, అటువైపు చీకటిగా కూడా ఉండదు, లేనట్లే ఉంటుంది. నాడి పట్టుకుంటే క్రమం తప్పి కొట్టుకుంటున్నది. వెంటనే పెద్దాసుపత్రికి పంపాను. మెదడు వెనుక భాగంలో కుడివైపు రక్తనాళం మూసుకుపోయినట్లు స్కానులో తేలింది. పక్షవాతం అంటే మూతి వంకరపోవడం, చేయి పడిపోవడమే అనుకుంటాం. హఠాత్తుగా ఒక పక్క చూపు పోవడం కూడా పక్షవాతమే. గడ్డను కరిగించే మందు ఇవ్వడానికి నాలుగున్నర గంటలే గడువు. చాచాకు అప్పటికే పది రోజులు గడిచిపోయాయి. ఆ పది రోజులూ ఆయన స్కూటరు మీద చాంద్రాయణగుట్ట దాకా వెళ్ళి వస్తూనే ఉన్నారు. ఎడమ అద్దం ఎప్పుడు విరిగిందో ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఆయన రక్తం గడ్డకట్టకుండా మందు వాడుతున్నారు, పోటు మాత్రలు మానడం లేదు. చూపు కొంత మెరుగైంది, పూర్తిగా రాలేదు. ఫోను ఎడమ అంచున ఎర్ర టేపు ముక్క అంటించాం. ప్రతి ఎత్తుకు ముందు తల తిప్పి ఆ ఎరుపు కనిపించే దాకా చూడడం అలవాటు చేసుకున్నారు. దానికి పది నిమిషాలు చాలవు గనుక పదిహేనుకు పది చేర్చి ఆడుతున్నారు, అసర్ నమాజు తర్వాత రెండు ఆటలు. మొన్న చూసినప్పుడు తొమ్మిది వందల అరవై దగ్గర ఉన్నారు. ఆ రేటింగు మీద ఆయనకు ఇప్పుడు పెద్దగా ఫిర్యాదు లేదు. స్కూటరు తాళం మాత్రం మనవడి దగ్గర ఉన్నది. వచ్చిన ప్రతిసారీ, చీటీ వ్రాయడం పూర్తికాకముందే, దాని గురించి నాతో తగాదా పడుతున్నారు.